బబేసియా తగ్గిన కుక్కకు మళ్ళీ రక్తం పడిపోతోంది, రోగనిరోధక శక్తి ఎందుకు ఆపలేదు?

ప్రశ్న (చీపురుపల్లి నుంచి)

మా నల్లోడికి 4 ఏళ్ళు. నిరుడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అన్నం ముట్టడం మానేశాడు, మూత్రం డికాక్షన్ రంగులోకి మారింది. రక్తపు చుక్కను గాజు పలకమీద పరిచి సూక్ష్మదర్శినితో చూసే స్మియర్ పరీక్షలో బబేసియా గిబ్సోని అనే, గోమారి కుడితే ఎక్కే రక్త పరాన్నజీవి కనబడిందని చెప్పి డాక్టరు గారు అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు వాడించారు. 5కు పడిపోయిన హిమోగ్లోబిన్ క్రమంగా 12కు చేరింది. ఈ నెలలో ఒంటి దురద కోసం ఒక మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రలను, అవి స్టిరాయిడ్లని తెలియక, వారం రోజులు వేశాను. ఇప్పుడు పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం వేసినట్లు తెల్లగా ఉన్నాయి, హిమోగ్లోబిన్ 7 వచ్చింది. ఒంటిమీద ఒక్క గోమారి కూడా లేదు. అమ్మవారు ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదంటారు కదా, మరి ఈ జబ్బుకు అటువంటి రక్షణ ఎందుకు రాలేదు? రోగనిరోధక శక్తికని అమ్మే టానిక్కు పట్టిస్తే ఉపయోగం ఉంటుందా?

జవాబు 1 (గరివిడిలో పశువైద్యం చదువుతున్నాను)

రక్షణ వచ్చింది అక్కా, అయితే అది అమ్మవారు పోసినప్పుడు వచ్చే రక్షణ వంటిది కాదు. బబేసియా ఎర్ర రక్తకణం లోపల చేరి పెరుగుతుంది కాబట్టి, అది ఒక కణాన్ని పగలగొట్టుకుని మరొక కణంలోకి దూరే కొద్దిపాటి వ్యవధిలోనే ప్రతిరక్షకాలకు (యాంటీబాడీలకు) నేరుగా చిక్కుతుంది. పరాన్నజీవి చేరిన కణాలను ఏరి మింగే పని ఎక్కువగా ప్లీహానిది (పొట్టలో ఎడమవైపు ఉండే, రక్తాన్ని వడగట్టే అవయవం). ప్లీహం తీసేసిన కుక్కల్లో ఈ జబ్బు చాలా తీవ్రంగా రావడానికి కారణం అదే. ఇవన్నీ కలిసి పరాన్నజీవుల సంఖ్యను బాగా దించుతాయి గాని, గిబ్సోని విషయంలో మందులు వాడినా కొంత శేషం మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. ఆ శేషమే శరీరాన్ని మెలకువగా ఉంచుతుంది, శరీరం ఆ శేషాన్ని పెరగనివ్వదు. దీన్ని ప్రిమ్యూనిషన్ అంటారు. మీరు వేసిన మాత్రలు ఆ కాపలాను సడలించి ఉంటాయని నా అభిప్రాయం. కొత్త గోమారి కుట్టకుండానే జబ్బు తిరగబెట్టగలదు.

మరొక సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. రక్తం తగ్గడానికి పరాన్నజీవి ఒక్కటే కారణం కాదు. ప్రతిరక్షకాలు కుక్క సొంత ఎర్రకణాలకు కూడా అంటుకోవడం వల్ల, పరాన్నజీవి లేని కణాలను సైతం ప్లీహం మింగేస్తుంది. ఇటువంటి ఒక కుక్క రక్తపు చుక్కను గాజు పలకమీద సెలైన్‌తో కలిపినప్పుడు, విడిపోవలసిన కణాలు రవ్వలా గుంపులు కట్టడం నేను కళ్ళారా చూశాను. కాబట్టి రక్షణ వ్యవస్థను టానిక్కుతో రెచ్చగొట్టాలన్న ఆలోచన ఇక్కడ పొరపాటు. చెవి కొస నుంచి తీసిన చుక్కతో స్మియర్ చేయించండి, అందులో ఏమీ కనబడకపోయినా పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష గురించి అడగండి. స్టిరాయిడ్‌ను ఎలా ఆపాలో కూడా డాక్టరు గారే చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిన కణనాశనం తీవ్రంగా ఉన్నప్పుడు అదే మందును వారే జాగ్రత్తగా వాడవలసి రావచ్చు.

జవాబు 2 (రాజాం)

అమ్మా, మా గేదెకు ఎర్రమూత్రం వచ్చినప్పుడు కూడా అది బబేసియానే అన్నారు, కాని పశువులలో వచ్చే జాతి వేరు, కుక్కకు వచ్చేది వేరు. మీ కుక్క ఒంటిమీద గోమారి లేదన్న ధైర్యంతో ఉండకండి. కుక్క గోమారి తన జీవితంలో ఎక్కువ కాలం ఒంటిమీద కాక గోడ పగుళ్ళలోనే గడుపుతుంది. రక్తం తాగి ఆముదం గింజంత అయిన ఆడది రాలిపడి వేల గుడ్లు పెడుతుంది. మా పశువుల పాక రాతిగోడ సందులో టార్చి వేసి చూస్తే గుడ్లు ఆవగింజల ముద్దలా కనిపించాయి. కుట్టిన వెంటనే కాకుండా, సాధారణంగా ఒకటి రెండు రోజులు పట్టుకుని ఉన్నాకే బబేసియా ఎక్కుతుంది కాబట్టి, రోజూ చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య వెతికి తీయడం వృథా కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు చెవి కొస నుంచి స్మియర్ తీశారు, కణాల లోపల చిన్న ఉంగరాల వంటివి కనిపించాయి. ప్లీహం పెరిగిందని, ఎడమ పక్కటెముకల కింద చేతికి తగులుతోందని డాక్టరు గారు చెప్పి, నా వేళ్ళను కూడా అక్కడ ఆనించి చూపించారు. మళ్ళీ 10 రోజుల చికిత్స మొదలైంది. టానిక్కు కొనలేదు.