ఫార్మా క్యూసీ నుంచి ఫోరెన్సిక్ టాక్సికాలజీకి పోవచ్చా? గంజాయి కేసులు, విసెరా, కోర్టు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ఎమ్మిగనూరు కెమిస్ట్రీ:

అందరికీ నమస్తే. మాది ఎమ్మిగనూరు. కర్నూలులో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి ఇప్పుడు జడ్చర్ల దగ్గర ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, పనిచేస్తున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో కొలిచే మెషిన్) ముందు కూర్చోవడమే. అదే మందు, అదే మెథడ్, అదే సంతకం. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో టాక్సికాలజీ (విషాలు, మత్తుమందుల పరీక్ష) వైపు సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు చదువుదామని ఉంది. మా నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే "పోలీసోళ్ల పని మనకెందుకు పాపా" అని తేల్చేశాడు. అమ్మకు శవాల భయం.

గంజాయి, డ్రగ్స్ కేసుల్లో పోలీసులకు సాయం చేస్తారంటారు కదా, ఆ ల్యాబ్‌లో కూర్చుని నిజంగా చేసే పనేంటి? పాజిటివ్ ఇవ్వమని ఒత్తిడి ఉంటుందా? కోర్టు మెట్లు ఎక్కాలా? నా హెచ్‌పీఎల్‌సీ అనుభవం అక్కడ దేనికైనా పనికొస్తుందా? యూట్యూబ్‌లో అంతా కోచింగ్ సెంటర్ల వీడియోలే ఉన్నాయి. పని చేసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

ప్రొద్దుటూరు అక్క:

పాపా, నేను టాక్సికాలజీలో చేరి, తర్వాత నార్కోటిక్స్ కూడా చూసినదాన్ని. ఏ ల్యాబ్ అని అడగొద్దు. సీమ పార్సిళ్లు చాలానే నా చేతుల మీదుగా పోయాయి. కొన్నిచోట్ల విసెరా (పోస్టుమార్టంలో తీసిన అవయవాల ముక్కలు) ఒక సెక్షన్, డ్రగ్స్ ఇంకో సెక్షన్. మనుషులు చాలకపోతే రెండూ ఒకరి బల్ల మీదికే వస్తాయి.

ముందు మీ అమ్మ భయం తీర్చు. శవం ల్యాబ్‌కు రాదు. పోస్టుమార్టం చేసిన డాక్టరు కడుపు, అందులో ఉన్న పదార్థం, పేగు, కాలేయం, కిడ్నీ ముక్కలను సీసాల్లో పెట్టి, కుళ్లిపోకుండా సంతృప్త ఉప్పు ద్రావణం పోసి పంపిస్తారు. రక్తమైతే విడిగా, సోడియం ఫ్లోరైడ్ కలిపి. వాసన ఉంటుంది, అబద్ధం చెప్పను. చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నం దిగదు. కొన్నాళ్లకు మూత తీస్తూనే ఇది ఫలానా పురుగుమందు అయి ఉంటుందని ముక్కే చెప్పేస్తుంది. ముక్కు చెప్పింది వర్క్‌షీట్‌లో రాయకూడదు, అంతే.

ఫార్మాలో నీకు స్టాండర్డ్, అంటే పోల్చుకోవడానికి అసలు మందు నమూనా, చేతిలో ఉంటుంది. అది ఎంత ఉందో చెప్తే నీ పని అయిపోతుంది. ఇక్కడ ఏముందో కూడా తెలియదు, అసలు ఏమైనా ఉందో లేదో తెలియదు. కాలేయం ముక్కను మెత్తగా చేసి, స్టాస్-ఆటో పద్ధతిలో ఆమ్లంలో ఒకసారి, క్షారంలో ఒకసారి ఈథర్‌లోకి, క్లోరోఫాంలోకి లాగుతాం. సాల్వెంట్ ఎగిరిపోయాక గిన్నె అడుగున మిగిలేది ఒక మరక. దాంతో టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలను మచ్చలుగా విడదీసే పలుచని పూత పలక) వేసి, మచ్చ ఎక్కడ ఆగిందో చూసి, ఆ పదార్థం ఏదో ఖాయంగా తేల్చే జీసీ-ఎంఎస్ మెషిన్‌కు పంపాలి. మరక కొంచెమే, దాన్ని వృథా చేస్తే మళ్లీ రాదు. నీ హెచ్‌పీఎల్‌సీ చెయ్యి ఇక్కడ తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే మెథడ్ ఎవరో రాసి ఇస్తారని ఎదురుచూసే అలవాటు మానుకోవాలి.

సీమ నుంచి వచ్చే విసెరాలో డ్రగ్స్ కంటే పురుగుమందులు ఎక్కువ. హెయిర్ డై తాగినవాళ్లు, పచ్చగన్నేరు గింజలు నూరి తాగినవాళ్లు. హెయిర్ డైలో పారాఫినైలిన్‌డయమిన్ ఉంటుంది, మెడ వాచి ఊపిరి ఆడదు, బతికినా కిడ్నీలు పోతాయి. ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి రావాల్సిన ఎక్స్‌గ్రేషియా ఫైలు మన రిపోర్టు కోసం ఆఫీసులో ఆగి ఉంటుంది. నన్నడిగితే గంజాయి కంటే ఆ సీసాలే ముందు తేల్చాలి. కానీ గంజాయి కేసుకు చట్టంలో గడువు ఉంది. రైతు సీసాకు లేదు.

ఇక గంజాయి. పార్సిల్ రాగానే మైక్రోస్కోపు దగ్గరికి పరుగెత్తం. గుడ్డ కుట్లు, లక్క సీలు, దాంతో పంపిన శాంపిల్ సీలు, లెటర్ ఆఫ్ అడ్వైజ్ (పార్సిల్‌తో వచ్చే లేఖ)లో రాసిన నంబర్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా చూస్తాం. తర్వాత తూకం. గంజాయికి 24 గ్రాములు చొప్పున రెండు శాంపిళ్లు తీయాలని రూలు. మా దగ్గరికి వచ్చేసరికి తూకం కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే పచ్చిగా కట్టిన సరుకు దారిలో ఎండుతుంది. వానాకాలంలో పాలిథిన్ కవరులో కట్టి పంపితే బూజు పడుతుంది. వచ్చిన తూకం వచ్చినట్టే రాయాలి. 24 అని అక్కడ రాశారు కదా అని మనమూ 24 వేయకూడదు.

తర్వాత ఆకు మీద గోరులా వంగిన సిస్టోలిత్ వెంట్రుకలు మైక్రోస్కోపులో చూస్తాం. డుకెనాయ్ అనే రంగు పరీక్షలో ఊదారంగు క్లోరోఫాం పొరలోకి దిగాలి. ఆ తర్వాత టీఎల్‌సీ, దాని మీద ఫాస్ట్ బ్లూ బి అనే రంగు మందు. ఇదంతా వచ్చాక కూడా ఒకటి మిగులుతుంది. మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం 1985 ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ కొసలు. పూత కొస లేకుండా ఉత్తి ఆకులు, గింజలు మాత్రమే ఉంటే అది చట్టం చెప్పిన గంజాయి కాదు. పట్టుకున్న ఎస్సైకి ఆ మాట రుచించదు. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, పదేళ్లకు తక్కువ కాని జైలు. కిలోలోపు అయితే ఏడాది వరకు. బస్తాలో ఆకు ఎంత, పూత ఎంత అన్న ప్రశ్న మీద ఒక మనిషి పదేళ్లు ఆధారపడి ఉండొచ్చు.

ఒత్తిడి గురించి అడిగావు. పాజిటివ్ ఇమ్మని నాకు ఎవరూ ఫోన్ చేయలేదు. "మేడమ్, ఛార్జిషీటుకు 180 రోజుల గడువు దగ్గరపడుతోంది, రిపోర్టు రాకపోతే ముద్దాయి బెయిల్ అడుగుతాడు" అని చేస్తారు, అది రోజూ ఉంటుంది. అసలు టెన్షన్ పేరుకుపోయిన కేసులదే. వేరే రకం ఇబ్బంది కూడా ఉంది. అనుమానితుడి మూత్రం పంపి "ఆ రోజు రాత్రి బండి నడిపినప్పుడు మత్తులో ఉన్నాడా" అని అడుగుతారు. మూత్రంలో దొరికేది కార్బాక్సీ టీహెచ్‌సీ, అది గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీని శరీరం మార్చి మిగిల్చిన అవశేషం. రోజూ తాగేవాడికి వారాల తరబడి కనిపిస్తుంది. తాగాడని చెప్పగలం. ఎప్పుడు తాగాడో, ఆ గంటలో మత్తులో ఉన్నాడో మూత్రం చెప్పదు. ఆ ఖాళీని మన మాటలతో నింపొద్దు, పోలీసులకు ఎంత ఆత్రంగా ఉన్నా సరే.

గుంతకల్లు రైటర్:

మేడమ్ చెప్పింది కరెక్టు. నేను స్టేషన్ రైటర్‌ని, ల్యాబ్‌కు పార్సిళ్లు మోసినవాడిని. మాది రైల్వే జంక్షన్ కాబట్టి తూర్పు వైపు నుంచి వచ్చే బండ్లలో సీటు కింద బ్యాగులు దొరుకుతుంటాయి, ఎవరివో తెలియదు. అడిగితే కంపార్టుమెంటు అంతా కిటికీలోంచి బయటికి చూస్తుంది. శాంపిల్ పట్టుకుని ఆర్టీసీ బస్సులో పోతుంటే పక్క సీటాయన ముక్కు ఎగరేసి "సార్, ఏందో వాసన వస్తాంది" అన్నాడు. ఏం చెప్పాలి?

ఒకసారి సీలు ముద్ర సరిగా పడలేదని వెనక్కి పంపారు. తిట్టుకుంటూ వచ్చాను. తర్వాత ఆ కేసు కోర్టులో నడుస్తున్నప్పుడు వకీలు మొదట అడిగింది సీలు సంగతే.

చెల్లెమ్మా, ఇంకోటి. ఆంధ్రాలో డ్రగ్స్ కేసులు చూసే ఈగల్ టీమ్ వచ్చాక, దాని 1972 నంబరుకు జనం ఫోన్లు చేయడం మొదలయ్యాక చిన్న చిన్న కేసులు పెరిగాయి. సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ వాళ్లు స్పాట్‌కు రావాలి. రాష్ట్రాలకు దానికి ఐదేళ్లు టైమిచ్చారు. అంటే మీలాంటోళ్ల అవసరం పెరుగుతుందే కానీ తగ్గదు.

అనంత వకీలు:

నేను ముద్దాయిల తరఫున వాదిస్తాను, కాబట్టి ఇక్కడ నా మాట ఎవరికీ నచ్చకపోవచ్చు. అక్కగారు చెప్పినట్టు తూకాలు వచ్చినట్టే రాసే ల్యాబ్ ఉంటే నాకు పని తక్కువ, సంతోషమే. కానీ నా చేతికి వచ్చే రిపోర్టుల్లో సగం ఒకే వాక్యం: "పై వస్తువులో గంజాయి ఉన్నట్టు కనుగొనబడింది." ఏ పరీక్ష చేశారు, పూత ఎంత, ఆకు ఎంత, ఏమీ ఉండదు. పదేళ్ల శిక్షకు ఒక వాక్యమా?

చదువుకునే అమ్మాయికి పనికొచ్చేది చెప్తాను. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, శాంపిల్ తీయడం సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేటు ఎదుట జరగాలని చెప్పింది. 2022 డిసెంబరులో వచ్చిన రూల్స్ కూడా అదే చెప్తున్నాయి. రోడ్డు మీద పట్టుకున్నచోటే ఎస్సైగారు గుప్పెడు తీసి కట్టిన శాంపిల్ మీద మీరు ఎంత గొప్ప జీసీ-ఎంఎస్ చేసినా, నేను మాట్లాడేది మీ గ్రాఫు గురించి కాదు, ఆ గుప్పెడు గురించి.

2020లో హీరా సింగ్ తీర్పుతో నాకున్న ఒక వాదన పోయింది. అంతకుముందు పొడిలో అసలు డ్రగ్ ఎంత శాతం అని అడిగేవాళ్లం. ఇప్పుడు కలిపిన పిండితో సహా మొత్తం తూకం లెక్క. హెరాయిన్ 250 గ్రాములు దాటితే కమర్షియల్, అందులో ముప్పాతిక గ్లూకోజ్ ఉన్నా సరే. నాకు అది న్యాయంగా అనిపించదు. అది వేరే చర్చ.

ప్రొద్దుటూరు అక్క:

వకీలు సార్, ఒక్క వాక్యం రిపోర్టు మీద మీ కోపం నాకు అర్థమైంది, నాకూ అదే బాధ. కానీ ఆ వాక్యం వెనకాల వర్క్‌షీట్ ఉంటుంది. ఏ రియేజెంట్, ఏ రంగు, ప్లేటు మీద ఆర్‌ఎఫ్ విలువ (మచ్చ ఎంత దూరం పోయిందో చెప్పే లెక్క), అన్నీ అందులో రాస్తాం. కోర్టు పిలిపిస్తే తెస్తాం. మీలో చాలామంది పిలిపించమని అడగరు. బీఎన్‌ఎస్‌ఎస్ 329 కింద, పాత సీఆర్‌పీసీ 293, డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ సంతకం చేసిన రిపోర్టును సాక్షి లేకుండానే తీసుకోవచ్చు కదా. దాన్ని ప్రశ్నించే హక్కు మీకుంది, వాడుకోండి. శాంపిల్ ఎక్కడ తీశారన్నది మా చేతిలో లేదు, అందులో మీతో వాదించను.

పొడుల విషయంలో ఇంకోటి కలుపుతాను. బెంగళూరు హైవే మీద పట్టుబడ్డవి, "ఎండీఎంఏ సార్" (పార్టీల్లో వాడే మత్తు పొడి) అని పోలీసులు చేతిలోని కిట్‌తో రంగు చూసి పంపినవి వస్తాయి. ఆ కిట్‌లోని మార్క్విస్ రియేజెంట్ ఎండీఎంఏకు నల్లగా ఊదా ఇస్తుంది. ఓపియేట్లకూ (నల్లమందు, హెరాయిన్ రకాలు) ఊదానే ఇస్తుంది. ఆస్ప్రిన్‌కు గులాబీ. చీకట్లో టార్చిలైటు కింద ఆ తేడా ఎవరు చెప్తారు? కిట్ అనుమానం వరకే. ఎండీఎంఏ 10 గ్రాములు దాటితేనే కమర్షియల్ అయిపోతుంది, అందుకే మాస్ స్పెక్ట్రమ్ చూడకుండా పేరు పెట్టం.

అల్ప్రజోలం అనే మత్తు మాత్ర కూడా గుర్తుపెట్టుకో పాపా. తుంగభద్ర దాటితే పాలమూరు వైపు కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, అల్ప్రజోలం కలపడం పాత కథ. అలవాటుపడ్డవాడికి కల్లు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వస్తాయి. మనం కల్లు శాంపిల్‌లో అల్ప్రజోలం వెతకడమే కాదు, వాంతిలో, మూత్రంలో మెటబొలైట్లు కూడా వెతకాలి, ఎందుకంటే మందు శరీరంలోకి పోయాక దాని ఆకారం మారుతుంది. మీ క్యూసీలో ఇంప్యూరిటీ పీకులు వెతికిన కళ్లు ఇక్కడ అక్కరకొస్తాయి.

ఎమ్మిగనూరు కెమిస్ట్రీ:

అక్కా, వకీలు సార్, రైటర్ అన్నా, అందరికీ థాంక్స్. మా నాయనకు రైతు సీసాల గురించి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "జీతం ఎంతంట?" అన్నాడు, అంటే సగం ఒప్పుకున్నట్టే!

రెండు డౌట్లు. చేరగానే నేనే కోర్టులో నిలబడాలా? ఏ పరీక్షలు రాయాలి, ఫోరెన్సిక్‌లో ఇంకో ఎమ్మెస్సీ చేయాల్సిందేనా?

ప్రొద్దుటూరు అక్క:

చేరగానే సంతకం నీది కాదు, పైవాళ్లది. పని నువ్వు చేస్తావు, వర్క్‌షీట్ నీ చేతిరాతలో ఉంటుంది. కాబట్టి కొట్టేసి పైన దిద్దడం చేయొద్దు. ఒక గీత గీసి, పక్కన సంతకం, తేదీ. ఆ అలవాటు ఫార్మాలో నీకు ఇప్పటికే ఉండాలి.

రాష్ట్ర పోస్టులకు కెమిస్ట్రీ పీజీ సరిపోతుందా లేదా అన్నది ఆయా నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, యూట్యూబ్ వాళ్ల మాట వినకు. గాంధీనగర్ ఫోరెన్సిక్ యూనివర్సిటీ వాళ్లు ఫ్యాక్ట్ అని ఒక పరీక్ష పెడతారు. యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ సబ్జెక్టు ఉంది. రెండింటి సిలబస్ తీసి చూడు, ఎన్‌డీపీఎస్ సెక్షన్లు అందులో కనిపిస్తాయి. సెక్షన్ 20, 27, 52ఏ, 36ఏ నోటికి రావాలి. చిన్న పరిమాణం, కమర్షియల్ పరిమాణం పట్టిక ఒక కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించుకో.

ఈ లోపు మీ కంపెనీలో టీఎల్‌సీ వేసే మూల ఎక్కడైనా ఉంటే అక్కడ డ్యూటీ అడుగు. ఇప్పుడు పిల్లలు మెషిన్ ముందే పెరుగుతున్నారు, క్యాపిలరీతో చిన్న మచ్చ పెట్టడం రాదు. మచ్చ పెద్దదైతే ప్లేటు తోకలు తేలుతుంది, రెండు మందులు ఒకటిగా కనిపిస్తాయి. జీతం సంగతి, పే స్కేలు నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మీ నాయనకు అదే చూపించు.

అనంత వకీలు:

అక్కా, వర్క్‌షీట్ పిలిపించమన్నారు కదా. వచ్చే వాయిదాలో ఒక కేసుకు పిటిషన్ వేస్తున్నాను. మీ ల్యాబ్ అయితే ముందే సారీ.

ప్రొద్దుటూరు అక్క:

వేయండి సార్. రాసింది ఉంటే చూపిస్తారు.