ఒత్తిడి పెరిగితే మూర్ఛ వస్తోంది, మీరెలా తట్టుకుంటున్నారు?

నాకు 29 ఏళ్లు. మాదాపూర్‌లో అకౌంట్స్ ఉద్యోగం. మూర్ఛకు లెవెటిరాసిటమ్ మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటున్నాను. అయినా నెలాఖరు లెక్కలు మీదపడి వరుసగా రెండు రాత్రులు నిద్ర చెడితే చాలు, ఎడమ చెయ్యి జివ్వుమంటుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. పోయిన నెల అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర అలాగే పడిపోయాను. ఎవరో పుణ్యాత్ములు పక్కకు తిప్పి పడుకోబెట్టారట. తెలివి వచ్చేసరికి గుప్పిట్లో తాళాల గుత్తి ఉంది. (తాళాలతో మూర్ఛ ఆగదు, దయచేసి నలుగురికీ చెప్పండి.) మళ్లీ ఎక్కడ పడతానో అన్న భయమే ఇప్పుడు పని కన్నా పెద్ద ఒత్తిడి. ఈ మాత్రల వల్ల కొందరికి చిరాకు కూడా పెరుగుతుందని డాక్టరు చెప్పారు. మూర్ఛతోనే ఉద్యోగం చేస్తున్నవారు ఉంటే చెప్పండి, ఆఫీసులో ఎవరికి, ఏమని చెప్పారు? పని ఎంత ఉన్నా నిద్రను ఎలా కాపాడుకుంటున్నారు? ఆ భయం ఎప్పటికైనా తగ్గిందా?