వెర్నియర్ కొలత కరెక్టే, బుష్ మాత్రం ఎక్కట్లేదు

గడ్డిమిషన్:
పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ. చాఫ్ కట్టర్ (గడ్డి కోసే మిషన్) షాఫ్ట్ మందం వెర్నియర్‌తో (రెండు దవడల మధ్య పట్టి కొలిచే సాధనం) కొలిస్తే 25.08 మి.మీ. వచ్చింది. ఆ షాఫ్ట్ తిరిగే గన్‌మెటల్ బుష్‌కి (లోహపు గొట్టం) లోపల 25.12 పెట్టమని లేత్ ఆయనకి చెప్పాను. చేసిచ్చాడు, డబ్బులూ తీసుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే షాఫ్ట్ అంచు కూడా దూరట్లేదు. షాఫ్ట్ చుట్టూ తిప్పి కొలిచినా అదే కొలత. ఆయనేమో ‘నువ్వు చెప్పిందే వేశాను’ అంటున్నాడు. తప్పెవరిది? గేదెలు ఆకలికి అరుస్తున్నాయి, త్వరగా చెప్పండి.

ఫిట్టర్77:
జీరో చూశావా?

గడ్డిమిషన్:
చూశానండి. జాలు (దవడలు) మూస్తే జీరోకి జీరో కలుస్తోంది. వెలుతురు కూడా దూరట్లేదు.

కొలతల మాస్టారు:
అసలు ఫిట్టింగ్ కొలతలకి వెర్నియర్ వాడటమే పొరపాటు. అందులో స్కేలు ఒకచోట, వస్తువుని పట్టే చోటు ఇంకోచోట. కదిలే జా పిసరంత వాలినా, బొటనవేలితో గట్టిగా నొక్కినా కొలత మారిపోతుంది. స్కేలూ వస్తువూ ఒకే వరసలో ఉండాలని జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బే 1890లోనే చెప్పాడు. మర తిప్పి కొలిచే మైక్రోమీటర్ ఆ పద్ధతిలోనే ఉంటుంది. పైగా రాచెట్ (తగినంత ఒత్తిడి రాగానే జారిపోయే పిడి) ఉంటుంది కాబట్టి ఎవరు తిప్పినా ఒత్తిడి ఒక్కటే. 25–50 సైజుది ఒకటి కొనుక్కోండి.

ఫిట్టర్77:
ఆయనకి కావాల్సింది గడ్డి, మాస్టారూ.

టర్నర్ బాబాయ్:
తమ్ముడూ, బుష్ హౌసింగ్‌లో (అది కూర్చునే గూడులో) దించాక చూశావా, బయట ఉండగానే చూశావా? టైట్‌గా దించితే లోపలి బోర్ (రంధ్రం) తగ్గిపోతుంది. అందుకే మేం దించాక రీమర్ (రంధ్రాన్ని సైజుకి తెచ్చే పనిముట్టు) వేస్తాం. అయినా కొలత నోటితో చెప్పి పని చేయించుకోవడమేంటి? షాఫ్ట్ పట్టుకెళ్ళి, బుష్ లేత్ చక్‌లో (పట్టులో) ఉండగానే ఎక్కించి చూసుకుంటే ఈ గొడవే ఉండదు. ఇప్పుడందరూ వాట్సాప్‌లో సైజు పడేస్తారు, తేడా వస్తే మా మీద పడతారు.

గడ్డిమిషన్:
బయటే బాబాయ్, ఇంకా దించలేదు. షాఫ్ట్ ఊడదీయాలంటే సాయంత్రమవుతుంది.

డిజిటల్ శ్రీను:
డిజిటల్ కొనుక్కో అన్నా. నేరుగా అంకె కనపడుతుంది, గీతలు చూసుకునే టెన్షన్ ఉండదు. 0.01 వరకూ కచ్చితం.

కొలతల మాస్టారు:
0.01 అనేది తెర మీద కనపడే అంకె. 150 మి.మీ. డిజిటల్‌కి మంచి కంపెనీలే ప్లస్ ఆర్ మైనస్ 0.02 అని రాస్తాయి. లీస్ట్ కౌంట్ (చూపించగల అతిచిన్న కొలత) వేరు, యాక్యురసీ (కచ్చితత్వం) వేరు.

డిజిటల్ శ్రీను:
మా షాపులో అందరూ రెండూ ఒకటే అంటారండీ. ఇన్నేళ్ళలో పనేం ఆగలేదు.

కొలతల మాస్టారు:
పని ఆగకపోవడం వేరు, మాట సరిగా ఉండటం వేరు.

ఫిట్టర్77:
ఆ డిజిటల్స్ చాలావరకు ఆఫ్ చేసినా సెల్ తాగుతూనే ఉంటాయి. ఎల్ఆర్44 బదులు ఎస్ఆర్44 వేస్తే ఎక్కువ కాలం వస్తుంది.

పాత ఇనుము:
ఒక్క నిమిషం. గడ్డిమిషన్ గారూ, అది 0.02 లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియరేనా? జారే స్కేలు జీరో గీత మెయిన్ స్కేలు మీద ఎక్కడ నిలిచింది? నిజంగా 25.08 అయితే 25 గీతకి దాదాపు ఆనుకున్నట్టు కనపడాలి.

గడ్డిమిషన్:
0.02 అనే రాసుంది. జీరో గీత 25కీ 26కీ నడిమికి కాస్త ఇవతల ఉందండి. 4 దగ్గర గీతలు కలిశాయి. 4 ఇంటూ 0.02, 0.08 కదా?

పాత ఇనుము:
కాదండీ. ఆ 4 అన్నది నాలుగో గీత కాదు. జారే స్కేలు మీద 49 మి.మీ. పొడవుని 50 భాగాలు చేస్తారు. ప్రతి ఐదు భాగాలకీ ఒక అంకె వేస్తారు. అంకె 1 అంటే 0.10, 2 అంటే 0.20. మీకు కలిసిన 4 జీరో నుంచి ఇరవయ్యో గీత, అంటే 0.40. షాఫ్ట్ 25.40, సరిగ్గా అంగుళం. పాత మిషనేమో చూడండి. లేత్ ఆయన తప్పేం లేదు. బుష్ మందం ఉంటే పారేయక్కర్లేదు, 25.44కి బోర్ పెంచితే చాలు.

టర్నర్ బాబాయ్:
మళ్ళీ నోటితో చెప్పకు తమ్ముడూ. పాత షాఫ్ట్ బుష్ తిరిగే చోట అరిగి ఉంటుంది, బుష్ లోపలికి వెళ్ళే దారిలో అరగని చోట లావుగా ఉంటుంది. రెండు చోట్లా కొలిచి, షాఫ్ట్ కూడా తీసుకెళ్ళు.

డిజిటల్ శ్రీను:
డిజిటల్ అయితే ఇంచ్ బటన్ నొక్కగానే ఒకటి అని చూపించేసేది. ఊరికే చెప్తున్నా.

కొలతల మాస్టారు:
చూపిస్తుంది. అదీ యాక్యురసీ కాదు. మైక్రోమీటర్ సంగతి నేను మొదట్లోనే చెప్పాను.

గడ్డిమిషన్:
బుష్ ఎక్కింది. థాంక్స్ అండీ అందరికీ.

డిజిటల్ శ్రీను:
ఫిట్టర్ అన్నా, ఆ ఎస్ఆర్44 వాచీ షాపులో దొరుకుతుందా? నాది మళ్ళీ డిమ్ అవుతోంది.