విదేశీ ఆలుచిప్పలు మన తీరంలో పాతుకుపోవడం: తప్పు ఓడలదా, ఫ్యాక్టరీలదా?

కాజీపేట_జంక్షన్:
వైజాగ్ హార్బర్‌లో మైటిలాప్సిస్ సాలీ అనే చిన్న ఆలుచిప్ప 1967లో బయటపడింది. పుట్టిల్లు కరీబియన్ వైపు. ఓడ తీసుకురాకపోతే అది ఇంత దూరం ఎలా వస్తుంది? ఓడలు నిలకడ కోసం ఒక రేవులో నింపుకుని ఇంకో రేవులో వదిలే బ్యాలస్ట్ నీళ్లను కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది, దాన్ని గట్టిగా పాటిస్తే చాలు. ఫ్యాక్టరీల మురుగు వల్లే ఇవి ఇక్కడ పాతుకుపోతున్నాయని మధ్యలో వాటిని తిట్టడం దేనికి?

వడ్డేపల్లి_కట్ట:
అన్నా, రావడం వేరు, వచ్చి నిలదొక్కుకోవడం వేరు. మన వరంగల్ భద్రకాళి చెరువునే చూడు. గుర్రపు డెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. మోరీ నీళ్లతో నత్రజని, భాస్వరం అందుతున్నంత కాలం మెషిన్ పెట్టి ఎంత తీసినా మళ్ళీ కమ్మేస్తుంది.

సముద్రంలో ఇంకో తిరకాసు ఉంది. వ్యర్థాలు కుళ్లి ఆక్సిజన్ పడిపోతే ముందు పోయేవి అక్కడి జీవులే. ఈ ఆలుచిప్ప మాత్రం తక్కువ ఆక్సిజన్‌ను, ఉప్పు హెచ్చుతగ్గులను తట్టుకుంటుంది. గోడలు, పిల్లర్లు ఖాళీ అయితే అతుక్కోవడానికి కావలసినంత జాగా. ఇక వేడి నీళ్లు. 1999 జూన్ తర్వాత మొదలైన థర్మల్ ప్లాంట్లు వదిలే నీరు సముద్రపు నీటికంటే 7 డిగ్రీల వరకు వేడిగా ఉండొచ్చని మన రూల్సే చెప్తున్నాయి. చలి దేశాల్లో ఆ వేడి కొత్త జీవులను చలికాలం గట్టెక్కిస్తుంది. మన నీళ్లు ముందే వెచ్చన కాబట్టి ఇక్కడ దెబ్బ స్థానిక జీవుల మీద పడుతుంది. చివరికి ఆలుచిప్పలు పట్టి పూడుకుపోయేది ఆ ప్లాంట్ల పైపులే, అది వేరే కామెడీ.

కాజీపేట_జంక్షన్:
మరి తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖ సంగతేంటి తమ్మీ? కురుసడై దీవి దగ్గర కప్పాఫైకస్ అనే విదేశీ సముద్రపు నాచు పగడాలను కప్పేస్తోందని 2008లోనే తేలింది. అది నేషనల్ పార్క్. అక్కడ ఏ ఫ్యాక్టరీ గొట్టం ఉంది?

వడ్డేపల్లి_కట్ట:
నిజమే, శుభ్రమైన నీళ్లలోనూ పాతుకుపోతాయి. కానీ ఆ నాచును సాగు కోసం మనుషులే కావాలని తెచ్చిపెట్టారు, దానికి బ్యాలస్ట్ రూల్ కూడా పనిచేయదు.

ములుగు_రోడ్:
ఇద్దరూ ఆస్ట్రేలియాలోని డార్విన్ ఊరిని మర్చిపోయారు. అక్కడ పడవలు నిలిపే మెరీనాల్లో ఇదే వైజాగ్ ఆలుచిప్ప 1999లో కనబడితే, క్లోరిన్, రాగి సల్ఫేట్ పోసి మొత్తం తుడిచేశారు. తొందరగా దొరికింది, ఆ మెరీనాల నీళ్లను సముద్రం నుంచి వేరు చేసి మూసే తలుపులు ఉన్నాయి కాబట్టి కుదిరింది. వైజాగ్‌లో ఆ ఛాన్స్ ఎప్పుడో పోయింది. ఇకనైనా ఫ్యాక్టరీ నీళ్లు వదిలే అవుట్‌లెట్ దగ్గర ప్లేట్లు వేలాడదీసి, వాటికి ఏ జీవులు అంటుకుంటున్నాయో మూడు నెలలకోసారి చూసే ఖర్చు ఫ్యాక్టరీ మీద పెట్టాలి. ఓడలు ఆగే బెర్తుల దగ్గర అదే పని పోర్టు చేయాలి.