ఇంట్లో చేసుకున్న ఫేస్ ప్రైమర్ ఫౌండేషన్ కింద ఉండలు కడుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి ప్లీజ్

మల్లెమొగ్గ:

హాయ్ అండి అందరికీ, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. నాకు కొన్న ప్రైమర్లు, అదే ఫౌండేషన్ నిలవడానికి దానికి ముందు రాసుకునేవి, పడట్లేదు, ఇప్పటికి మూడు మార్చాను, రాసుకున్న రెండో రోజుకల్లా బుగ్గల మీద సన్నగా పొక్కులు వచ్చేస్తున్నాయి, మానేస్తే నాలుగైదు రోజుల్లో అవే పోతున్నాయి. పోనీ ప్రైమర్ లేకుండా ఫౌండేషన్ వేస్తే మధ్యాహ్నానికి ముక్కు పక్కన జిడ్డు పైకి తేలి, ఫౌండేషన్ అక్కడ విడిపోయి లోపలి చర్మం కనిపిస్తుంది. నాది ముక్కు, నుదురు జిడ్డు, బుగ్గలు మాత్రం పొడి.

అందుకని వీడియోలు చూసి ఇంట్లోనే చేశాను. కలబంద మట్ట కోసి గుజ్జు తీసి, అందులో ఒక స్పూన్ గ్లిజరిన్, ఒక స్పూన్ రోజ్ వాటర్, రెండు విటమిన్ ఈ క్యాప్సూల్స్ పిండి, మిక్సీ పట్టి ఒక సీసాలో పోసుకున్నా. మొదటి రోజు భలే ఉంది, మొహం తేటగా అనిపించింది. రెండో రోజు నుంచి కష్టాలు మొదలయ్యాయి. రాసిన వెంటనే దవడ దగ్గర దురద, ఎంతసేపటికీ ఆరదు వేలు పెడితే జిగురు జిగురు, ఆ పైన ఫౌండేషన్ స్పాంజితో అద్దుతుంటే రబ్బరుతో చెరిపినప్పుడు వస్తాయే ఆ సన్న ఉండలు, అలా రాలుతోంది. విటమిన్ ఈ వేస్తే నెల రోజులు నిలవ ఉంటుందని వీడియోలో చెప్పారు కానీ ఐదో రోజుకే సీసా మూత తీస్తే అదో రకం పుల్లటి వాసన. పారబోశాను. మళ్ళీ చేసుకోవాలని ఉంది, ఈసారి సరిగ్గా చేయాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాటుకరేఖ:

చెల్లీ, నువ్వు చెప్పిన ప్రతి దానికీ కారణం ఉంది, ఒక్కోటి చెప్తా. నేను చాలాకాలంగా ఇదే చేసుకుంటున్నా, మొదట్లో నువ్వు చేసిన తప్పులే నేనూ చేశా.

దురద సంగతి ముందు. కలబంద మట్ట కోయగానే పచ్చ తొక్కకి, గుజ్జుకి మధ్య నుంచి పసుపు రంగు పాలు కారతాయి చూశావా, చేదుగా ఘాటు వాసన వేస్తాయి, దురద పెట్టేది అవే. అలోయిన్ అంటారు దాంట్లో ఉండేదాన్ని. మట్ట కోశాక కోసిన వైపు కిందకి పెట్టి ఒక గ్లాసులో నిలబెట్టి 15 నిమిషాలు వదిలెయ్, గ్లాసు అడుగున పసుపుగా దిగుతుంది. తర్వాత మట్ట కడిగి, అంచుల ముళ్ళు తీసేసి, తొక్క కాస్త మందంగానే చెక్కి, మధ్యలో అద్దంలా ఉండే గుజ్జు మాత్రమే తీసుకుని దాన్ని ఇంకోసారి నీళ్ళలో కడుగు. ఎక్కువ గుజ్జు రావాలని తొక్కకి ఆనించి గీకితే ఆ పసుపంతా మళ్ళీ వచ్చేస్తుంది, నీకు జరిగింది అదే అయ్యుంటుంది.

జిగురుకి కారణం గ్లిజరిన్. ఒక స్పూన్ చాలా చాలా ఎక్కువ! గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, ఫౌండేషన్ మొహానికి పట్టుకోవడానికి పనికొచ్చేది కూడా ఆ కొద్దిపాటి జిగురే. 2015 లో నిక్కీ ట్యుటోరియల్స్ అని యూట్యూబ్ మేకప్ ఆవిడ మగవాళ్ళు గడ్డం గీసుకున్నాక రాసుకునే నివియా బామ్‌ని ప్రైమర్‌గా వాడి చూపించింది, అప్పట్లో అందరూ దాని వెంట పడ్డారు, అందులో పనిచేసేది గ్లిజరినే అని చెప్పింది. కానీ అది మొత్తంలో నూటికి 3 నుంచి 5 వంతులు ఉంటే చాలు. అంటే రెండు టీస్పూన్ల గుజ్జుకి ఆరేడు చుక్కలు, అంతే. ఎక్కువైతే ఆరదు, గాలి బాగా పొడిగా ఉన్న రోజైతే చర్మం లోపలి తేమని కూడా లాగేస్తుంది.

ఇక విటమిన్ ఈ. దయచేసి ఈ ఒక్కటి అందరూ గుర్తుపెట్టుకోండి, విటమిన్ ఈ ప్రిజర్వేటివ్ కాదు, అంటే పాడవకుండా నిలవ ఉంచేది కాదు. నూనెలు ముక్కిపోకుండా కొంత ఆపుతుంది, అంతవరకే. నీళ్ళున్న దాంట్లో పెరిగే బ్యాక్టీరియాని, బూజుని అది ఏమీ చేయలేదు. కలబంద గుజ్జు దాదాపు అంతా నీళ్ళే, పైగా రోజ్ వాటర్. వాసన రాకముందే లోపల పెరగడం మొదలవుతుంది కాబట్టి వాసన చూసి బాగుందిలే అనుకోవద్దు. లావెండర్ నూనె, టీ ట్రీ నూనె రెండు చుక్కలు వేస్తే నిలవ ఉంటుందనేది కూడా నమ్మకండి, ఆ రెండు చుక్కలు క్రిముల్ని ఆపడానికి చాలవు, చర్మాన్ని మండించడానికి మాత్రం కొందరికి చాలు.

నేను చేసే పద్ధతి: రెండు టీస్పూన్ల కడిగిన గుజ్జు మిక్సీలో తిప్పి, పల్చటి శుభ్రమైన బట్టలో వడకట్టాలి. ఈ వడకట్టడం మానొద్దు, నీకు రాలిన ఉండల్లో సగం ఆ గుజ్జు పీచే అయ్యుంటుంది. అందులో గ్లిజరిన్ ఆరేడు చుక్కలు కలిపి, 10 నిమిషాలు మరిగించి పూర్తిగా ఆరబెట్టిన చిన్న గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజులు, ఆ తర్వాత ఎంత మిగిలినా పారెయ్యాలి. వేలు ముంచకుండా శుభ్రమైన చిన్న స్పూన్‌తో తీసుకో. రోజ్ వాటర్, విటమిన్ ఈ రెండూ వద్దు, రోజ్ వాటర్ పల్చన చేయడం తప్ప ఏం చేయదు, విటమిన్ ఈ క్యాప్సూల్ నూనె చిక్కగా ఉండి గుజ్జుతో కలవకుండా పైన తేలుతుంది.

రాసేటప్పుడు మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. రుద్దకు, వేళ్ళతో అద్దు. ఐదు నిమిషాలు ఆగు, చెయ్యి వెనక వైపు చెంపకి ఆనిస్తే తడి తగలకూడదు, కొద్దిగా పట్టుకున్నట్టు మాత్రం అనిపించాలి, అప్పుడు ఫౌండేషన్.

అద్దంముందు:

కాటుకరేఖ అక్క బాగా చెప్పారు. జిడ్డు గురించి ఒక మాట కలుపుతా, చాలామంది ఆ గుజ్జులోనే ఆరారూట్ పొడో కార్న్ ఫ్లోరో కలిపేస్తారు. నేనూ చేశా, బాలేదు. పిండి తడిలో సరిగ్గా కలవదు, ఆరాక తెల్లటి చారలు కడుతుంది, చామనఛాయ, నలుపు చర్మం మీద అయితే బూడిద పూసినట్టు కనిపిస్తుంది, ఫోటోలో ఇంకా ఘోరం. పైగా పిండి క్రిములకి మేత, ఆ గుజ్జు ఇంకా తొందరగా పాడవుతుంది. దానికి బదులు గుజ్జు ఆరాక ముక్కు మీద, నుదుటి మీద మాత్రమే మెత్తటి బ్రష్‌తో ఆరారూట్ పొడి చాలా కొద్దిగా, బ్రష్ ముంచి దులిపేశాక మిగిలినంతే అద్దు. పొడి జిడ్డుని పీలుస్తుంది, పోర్స్, అంటే చర్మం మీది సన్న రంధ్రాలు, కూడా కాస్త కనుమరుగవుతాయి. పొడి ఎగిరి ముక్కులోకి పోకుండా చూసుకో.

బుగ్గలు పొడి అన్నావు కదా, వాటికి వేరేది చేసుకోవచ్చు, ఇందులో నీళ్ళుండవు కాబట్టి నెల రెండు నెలలు నిశ్చింతగా ఉంటుంది. షియా బటర్ (షియా గింజల నుంచి తీసే గడ్డ కొవ్వు) ఒక టేబుల్ స్పూన్, జొజోబా నూనె ఒక టీస్పూన్, ఆరారూట్ పొడి ఒక టీస్పూన్. షియా బటర్‌ని వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, దించేసి, మిగతా రెండూ వేసి కలుపుతూ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్. బయట పెట్టి నెమ్మదిగా చల్లారనిస్తే షియా రవ్వ రవ్వగా గడ్డకడుతుంది, మొహం మీద ఇసుకలా తగులుతుంది, అలా అయితే మళ్ళీ కరిగించి తొందరగా చల్లార్చు. తడి వేలు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఒక్క నీటి చుక్క పడినా బూజు పట్టొచ్చు. వాడేది పెసర గింజంత, రెండు వేళ్ళ మధ్య కరిగించి బుగ్గలకి మాత్రమే. మొటిమలు వచ్చేవాళ్ళు షియాకి దూరంగా ఉండండి, కొబ్బరి నూనె అయితే అసలు వద్దు, పోర్స్‌లో పేరుకుని అడ్డుపడుతుంది.

నీలికలువ:

ఇవన్నీ చదివి ఎవరైనా ఇంకా వీడియోలు చూసి నిమ్మరసం కలుపుతారేమో అని రాస్తున్నా, దయచేసి కలపకండి. నాకు జరిగింది. పోర్స్ మూసుకుంటాయి, మొహం మెరుస్తుంది అని కలబంద గుజ్జులో అర చెక్క నిమ్మరసం పిండి రాసుకుని మేకప్ వేసుకుని ఎండలో తిరిగాను. సాయంత్రానికి మంట, మర్నాడు పై పెదవి మీద, చెంప మీద ఎర్రగా, తర్వాత అక్కడ నల్ల మచ్చ, పోవడానికి నెలలు పట్టింది. డాక్టర్ చెప్పింది ఏంటంటే నిమ్మ జాతి పళ్ళ రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఇలా కాలినట్టు అవుతుందట. అద్దంలో ఆ మచ్చ చూసుకున్న ప్రతిసారీ ఏడుపొచ్చేది. నిమ్మరసం పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) 2 దగ్గర ఉంటుంది, మన చర్మానిది 5 కి అటూ ఇటూ. వంట సోడా దీనికి ఇంకో వైపు, 8 దాటుతుంది, అదీ వద్దు. జిడ్డు పోతుందని మిల్క్ ఆఫ్ మెగ్నీషియా రాసేవాళ్ళూ ఉన్నారు, అది 10 పైమాటే, రెండు మూడుసార్లకే చర్మం పొట్టు లేస్తుంది. పచ్చి గుడ్డు తెల్లసొన కూడా వద్దు, ఆరాక బిగుసుకుంటుంది, నవ్వగానే ఫౌండేషన్‌తో సహా పగులుతుంది, పచ్చి గుడ్లలో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఒకటి.

ఇంకోటి, పోర్స్‌కి తలుపులుండవు, తెరుచుకోవడం మూసుకోవడం అంటూ ఏమీ లేదు. ప్రైమర్ వాటిని పైకి కనబడకుండా చేస్తుంది, అంతే.

ఏది చేసుకున్నా ముందు మోచేతి మడత లోపలి వైపు రోజుకి రెండుసార్లు రాసి కనీసం వారం చూడండి. ఒక్కరోజు చూసి మొహానికి పట్టించొద్దు, కొన్ని ఎలర్జీలు మూడో రోజో నాలుగో రోజో బయటపడతాయి.

మల్లెమొగ్గ:

అబ్బా ఎంత ఓపిగ్గా చెప్పారండి అందరూ, థాంక్యూ సో మచ్. నీలికలువ గారూ మీ మచ్చ సంగతి చదివి బాధేసింది, ఇప్పుడు పూర్తిగా పోయిందా? నేను నిమ్మకాయ వెయ్యలేదు కానీ ఈసారి వేద్దామా అనుకున్నా, నిజంగా కాపాడారు. రెండు డౌట్లు. సన్‌స్క్రీన్ ముందా ప్రైమర్ ముందా? జింక్ ఆక్సైడ్ పొడి కొని ఈ ప్రైమర్‌లోనే కలిపేస్తే సన్‌స్క్రీన్ వేరే రాయక్కర్లేదు అంటున్నారు, నిజమేనా?

నీలికలువ:

పోయింది అండి, ఎండలోకి వెళ్ళిన ప్రతిసారీ సన్‌స్క్రీన్ రాసుకుంటూ వచ్చాకే పోయింది.

కాటుకరేఖ:

జింక్ కలపడం మాత్రం వద్దు చెల్లీ. మన చేత్తో ఎంత కలిపినా పొడి ఉండలు ఉండలుగానే ఉంటుంది, మొహం మీద ఒక చోట ఎక్కువ ఒక చోట అసలు లేకుండా పడుతుంది, దాని ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి కాపాడే బలం, ఎంతో ల్యాబ్‌లో కొలిస్తే తప్ప తెలీదు. రాసుకున్నామనే ధైర్యంతో ఎండలో తిరిగి కాలిపోతాం. ముందు మాయిశ్చరైజర్, తర్వాత కొన్న సన్‌స్క్రీన్ నిండుగా, పది పదిహేను నిమిషాలు ఆగి ప్రైమర్, అది ఆరాక ఫౌండేషన్. సన్‌స్క్రీన్ మీద ప్రైమర్ రుద్దితే కింద పొర కదిలిపోతుంది, అద్దడం ఎందుకన్నానంటే దానికి కూడా.

ఇంకా ఉండలు కడితే నీ ఫౌండేషన్ వెనక పదార్థాలు చదువు. లిస్టులో ముందు రాసినవే ఎక్కువ పాళ్ళలో ఉంటాయి. మొదటి నాలుగైదు పేర్లలో డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ లాంటివి, అంటే 'కోన్' అని, 'సిలోక్సేన్' అని ముగిసేవి ఎక్కువ కనిపిస్తే అది సిలికోన్ అనే నున్నటి పదార్థం ఎక్కువున్న ఫౌండేషన్, నీళ్ళ గుజ్జు మీద ఒక్కోసారి నిలవదు. అరచేతి వెనక రెండూ చెరో చుక్క వేసి వేలితో కలిపి చూడు, సాఫీగా కలిసిపోతే సరే, విరిగిన పాలలా విడిపోతే ఆ రెండూ కలిపి వాడకు. నీ బుగ్గలకి పడని ఆ మూడు ప్రైమర్లలో కూడా కామన్‌గా ఏదో ఉండి ఉంటుంది, మూడింటి వెనక లిస్టులు పక్క పక్కన పెట్టి చూడు, సువాసన కోసం వేసేదేమో ముందు అది చూడు. పొక్కులు మళ్ళీ వస్తే మాత్రం ఇంట్లో ప్రయోగాలు ఆపి స్కిన్ డాక్టర్‌కి చూపించు.

ఒక్క విషయం ఇప్పుడే చెప్తా, తర్వాత నిరాశ పడొద్దు. సిలికోన్ ప్రైమర్ రాస్తే వేలు జారిపోయేంత నున్నగా వస్తుందే, ఆ నునుపు ఇంట్లో చేసినదానికి రాదు. తేమ, పట్టు, ఈ రెండే ఇస్తుంది. నాకైతే ఆ రెండూ చాలు.

మల్లెమొగ్గ:

పన్నెండు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. వారం చేతి మీద చూశా, ఏమీ రాలేదు. పసుపు పాలు 15 నిమిషాలు కార్చి, వడకట్టి, ఆరు చుక్కల గ్లిజరిన్‌తో చేశా, దురద అస్సలు లేదు! గ్లాసు అడుగున దిగిన పసుపు చూస్తే భయమేసింది, ఇదంతా పోయినసారి మొహానికి పూసుకున్నానా అని. ఉండలు మాత్రం మొదటి రోజు కొంచెం వచ్చాయి, అరచేతి మీద కలిపి చూస్తే అక్క చెప్పినట్టే విడిపోయింది, నా దగ్గరున్న ఇంకో పల్చటి ఫౌండేషన్ కలిసిపోయింది, అది వేస్తే చక్కగా కూర్చుంది. ముక్కు మీద ఆరారూట్ అద్దాను, పొద్దున తొమ్మిదింటికి వేస్తే రెండింటి దాకా జిడ్డు తేలలేదు, ఆ తర్వాత టిష్యూతో ఒకసారి అద్దుకున్నా. మూడు ప్రైమర్ల లిస్టులు కూడా చూశా, మూడింట్లోనూ సువాసన ఉంది.

ప్రతి మూడు రోజులకీ మట్ట కోయడం కష్టంగా ఉంది, ఒకేసారి చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చా?

అద్దంముందు:

పెట్టుకోవచ్చు, నేను అలాగే చేస్తా. గ్లిజరిన్ కలపకుండా వడకట్టిన గుజ్జు మాత్రమే ఐస్ ట్రేలో పోసి, గడ్డకట్టాక మూత ఉన్న డబ్బాలో వేసుకో. కావలసినప్పుడు ఒక ముక్క తీసి ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి అప్పుడు గ్లిజరిన్ కలుపు. కరిగాక ముందు కంటే పల్చగా నీళ్ళలా ఉంటుంది, కంగారు పడకు, కాకపోతే ఆరడానికి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఆగాలి. ఒకసారి కరిగించింది మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, దానికీ అదే మూడు రోజుల లెక్క.