సైకిలు మీద ఆఫీసుకు వెళ్తే గుండెపోటు వస్తుందన్న వార్తలో నిజమెంత?

ప్రశ్న (విజయనగరం నుంచి)

నా వయసు 47. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. రెండు నెలలుగా మోటారుసైకిలు పక్కన పెట్టి, విజయనగరం నుంచి నెల్లిమర్లలోని ఆఫీసుకు సైకిలు మీద వెళ్తున్నాను. వెళ్లడానికి ముప్పావుగంట, రావడానికి మరో ముప్పావుగంట పడుతుంది. మొన్న మా మావయ్యగారు వాట్సాప్‌లో ఒక పాత వార్త పంపారు. గుండెపోటు రావడానికి కొకైన్ కన్నా ట్రాఫిక్కే పెద్ద కారణమని, అందులోనూ సైకిలు తొక్కేవారు జాగ్రత్తపడాలని దాని సారాంశం. అది చదివిన దగ్గర నుంచి మా ఆవిడ సైకిలు తీయవద్దని పట్టుబడుతోంది. మా అబ్బాయేమో సైకిలు మీద పనికి వెళ్లేవారిలో గుండెజబ్బులు సగానికి తగ్గుతాయన్న మరో వార్త చూపించాడు. రెండు వార్తలూ పరిశోధన పేరే చెబుతున్నాయి. తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి సమాధానం (శ్రీకాకుళం, గణాంకశాస్త్ర అధ్యాపకుడు)

మీ మావయ్యగారు పంపిన వార్తకు మూలం 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన అయి ఉండాలి. బెల్జియం పరిశోధకులు అంతకుముందు జరిగిన 36 అధ్యయనాలను ఒకచోట చేర్చి, గుండెపోటును అప్పటికప్పుడు పురికొల్పే కారణాలలో దేని వాటా ఎంతో లెక్క కట్టారు. ట్రాఫిక్‌లో గడపడానికి 7.4 శాతం, శారీరక శ్రమకు 6.2 శాతం, కొకైన్‌కు 0.9 శాతం వచ్చింది. పత్రికలు ఈ వాటాలను పట్టుకుని ట్రాఫిక్ కొకైన్ కన్నా ప్రమాదకరమని రాశాయి. అదే పరిశోధనలో ఉన్న మరో లెక్కను చూస్తే సంగతి తలకిందులవుతుంది: కొకైన్ తీసుకున్న వ్యక్తికి ఆ వెంటనే గుండెపోటు వచ్చే అవకాశం దాదాపు 23.7 రెట్లు పెరుగుతుండగా, ట్రాఫిక్‌లో ఉన్న వ్యక్తికి పెరిగేది దాదాపు 2.9 రెట్లు మాత్రమే. కొకైన్ తీసుకునేవారు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే. రోడ్డెక్కనివారు మాత్రం దాదాపు ఉండరు. ముప్పు చిన్నదైనా దాని బారిన పడేవారు లక్షల్లో ఉంటే సమాజం మొత్తంలో దాని వాటా పెద్దదవుతుంది. ఆ వాటా ఊరంతటికీ వేసిన లెక్క. దాన్ని ఒక మనిషికి ఉన్న ముప్పుగా చదవడం నా దృష్టిలో పెద్ద తప్పు, ఆ తప్పు వల్ల ఒక ఇంట్లో సైకిలు మూలన పడబోతున్నదంటే బాధగా ఉంది.

ఇక ఆ 2.9 రెట్లు ఎక్కడివంటే, 2004లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన జర్మనీ అధ్యయనానివి. ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో గుండెపోటు నుంచి బయటపడిన 691 మందిని, అంతకుముందు నాలుగు రోజులూ ఏ వేళ ఏం చేశారో అడిగి రాసుకున్నారు. రోడ్డు మీద గడిపిన తరువాతి గంటలో గుండెపోటు మొదలవడం ఎక్కువగా కనిపించింది. అయితే వారిలో ఎక్కువమంది ప్రయాణించింది కార్లలో. బస్సులు, ట్రామ్‌లు, మోటారుసైకిళ్లు, సైకిళ్లు అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. కాబట్టి మీరు తిరిగి మోటారుసైకిలు ఎక్కినంత మాత్రాన ఆ ముప్పు నుంచి తప్పుకున్నట్టు కాదు.

రెండో సమాధానం (విజయనగరం, నర్సు)

పై సమాధానంలో శ్రమ సంగతి పక్కకు పోయింది. మీ శ్రీమతిగారి భయానికి అదే అసలు జవాబని నా అభిప్రాయం. 1993లో అమెరికాలో 1,228 మంది గుండెపోటు రోగులను పరిశీలించినప్పుడు, బాగా శ్రమపడిన తరువాతి గంటలో ముప్పు సగటున 5.9 రెట్లు పెరిగినట్టు తేలింది. ఆ సగటు వెనక ఉన్న తేడా చూడండి: వారానికి ఒక్కసారి కూడా వ్యాయామం చేయనివారిలో ఆ పెరుగుదల 107 రెట్లు, వారానికి అయిదు అంతకన్నా ఎక్కువసార్లు చేసేవారిలో 2.4 రెట్లు. అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా ఆయాసపెట్టడమే ప్రమాదం, రోజూ చేసే శ్రమ ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. మీరు రెండు నెలలుగా తొక్కుతున్నారంటే కష్టమైన దశ చాలావరకు దాటారు. ఇప్పుడు మానేసి, మరో మూడు నెలలకు ఒక్కసారిగా పూర్తి దూరం తొక్కడం మొదలుపెడితే అది మంచిది కాదు.

అయినా బీపీ ఉంది కనుక మీ డాక్టరుగారికి సైకిలు విషయం చెప్పి, ఈసీజీ అవసరమేమో అడగండి. తొక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, చల్లని చెమట వస్తే దాన్ని గ్యాస్ అనుకుని ఇంటిదాకా తొక్కుకుంటూ రాకండి. అక్కడే ఆగి 108కి ఫోన్ చేయండి.

మూడో సమాధానం (ఆమదాలవలస)

ఆమదాలవలస నుంచి శ్రీకాకుళానికి చాలాకాలంగా సైకిలు మీదే వెళ్తున్నాను కాబట్టి నాకు అనుకూలమైన వార్తను నమ్మాలనే ఉంటుంది. కానీ మీ అబ్బాయి చూపించిన వార్తను కూడా ఇంతే జాగ్రత్తగా చదవాలి. అది 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధన అనుకుంటాను. బ్రిటన్‌లో 2,63,450 మందిని అయిదేళ్లు గమనించగా, సైకిలు మీద పనికి వెళ్లేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులు 46 శాతం తక్కువగా కనిపించాయి. మొత్తం మీద ఆ జబ్బులు వచ్చింది 1,110 మందికి, అంటే అయిదేళ్లలో వెయ్యికి నలుగురికి. సగం తగ్గడమంటే నలుగురి స్థానంలో ఇద్దరని అర్థం. పైగా సైకిలు ఎంచుకునేవారు ముందునుంచే ఆరోగ్యవంతులై ఉండవచ్చు. పొగతాగడం, బరువు, ఆహారం వంటివి పరిశోధకులు లెక్కలోకి తీసుకున్నా, ఇలా కేవలం గమనించి రాసుకునే అధ్యయనం, జబ్బులు తగ్గడానికి సైకిలే కారణమని నిరూపించలేదు.

గాలి సంగతి కూడా చెప్పాలి. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో వేసిన అంచనా ప్రకారం, సన్నని ధూళికణాలు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములున్న చోట రోజుకు గంటన్నర దాటి సైకిలు తొక్కితే మేలు కన్నా హాని ఎక్కువవుతుంది. 22 మైక్రోగ్రాముల దగ్గర ఎంతసేపు తొక్కినా మేలే ఎక్కువ. మన జిల్లాల గాలి ఢిల్లీ చలికాలపు గాలి కాదు. అయినా లారీ వెనక, దాని పొగలో తొక్కడం నేను మానుకున్నాను. కాస్త చుట్టయినా ఊళ్ల మీదుగా వెళ్తాను, వేసవిలో ఎనిమిదిన్నరకల్లా సైకిలు దిగేస్తాను. నిజానికి గుండెపోటు కన్నా జాతీయ రహదారి దాటవలసిన చోటే నాకు ఎక్కువ భయం.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ నమస్కారాలు. రెండో సమాధానాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను. డాక్టరుగారిని కలిసేవరకు సగం దూరమే తొక్కి, మిగతాది బస్సులో వెళ్లేందుకు ఒప్పుకుంది. శనివారం ఈసీజీ తీయించుకుంటాను. మావయ్యగారికి మొదటి సమాధానం పంపాను, ఆయన కొకైన్ లెక్కను మళ్లీ వివరించమంటున్నారు. ఆదివారం కాగితం మీద వేసి చూపించాలి.