గుమ్మడి పెంకు పురుగు తినే ముందు ఆకుపై గుండ్రంగా గీత ఎందుకు గీస్తుంది?

మూడు వారాల క్రితం పెరటిలో దోస, గుమ్మడి, కాకర గింజలు పెట్టాను. మొలకలు రెండాకులు విచ్చుకున్నాయో లేదో, నారింజ రంగు పెంకు పురుగులు వచ్చి వాలాయి. దోస, గుమ్మడి ఆకులు జల్లెడలయ్యాయి. పక్కనే ఉన్న కాకరను మాత్రం దాదాపు ముట్టలేదు. చేదు వాటికీ పడదేమో అనుకున్నాను. కానీ గుమ్మడి, దోస మొక్కల్లోని చేదే వీటిని ఆకర్షిస్తుందని చదివాను. మరి కాకర చేదు వేరా?

నిన్న పొద్దున ఒక పురుగును కదలకుండా గమనించాను. ఉన్నచోటే చుట్టూ తిరుగుతూ, ఆకుపై రూపాయి బిళ్ల కన్నా చిన్న వలయం కొరికింది. ఆ తర్వాతే లోపలి భాగం తినడం మొదలుపెట్టింది, పళ్లెం గీసుకుని భోజనానికి కూర్చున్నట్టు! ఆకు రసం అక్కడికి చేరకుండా చేసే ఏర్పాటా ఇది?

బూడిద చల్లితే వాన కడిగేసింది. తెల్లవారుజామున మందకొడిగా ఉన్నప్పుడు ఏరి సబ్బునీళ్లలో వేస్తున్నాను. నా దిగులంతా కనబడని వాటి గురించే. ఇవి మొదలు దగ్గర తడిమట్టిలో గుడ్లు పెడతాయి, పిల్ల పురుగులు వేళ్లు తింటాయి. పురుగుమందు వాడకుండా వాటిని వదిలించుకోవడం ఎలా? కాపు అయ్యాక మట్టి తిరగేసి ఎండబెడితే చాలా? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.